కోటలో దొరకని పేర్లు : తరంగంబాడి మ్యూజియాల్ని ఎట్లా చదవాలి?

మ్యూజియం అంటే పాత వస్తువులు దాచిపెట్టే చోటు అనేది సగం నిజమే. ఏది దాచాలో, ఏది పారెయ్యాలో ఎవరో ఒకరు ముందే తేలుస్తారు. ఆ తేల్చినవాళ్లెవరు, ఏ కులంనుంచి వచ్చారు, ఏ వస్తువు చూస్తే వాళ్లకి గౌరవం కలుగుతుంది, ఏది చూస్తే రోత పుడుతుంది - ఇవన్నీ ఆ గాజు బీరువాల వెనకాల వుంటాయి. చరిత్ర పుస్తకంలో మన ప్రస్తావన లేదని యిన్నాళ్లుగా మాట్లాడుతూనే వున్నాం. కానీ పుస్తకం చదవని లక్షలమంది చరిత్రను చూసేది మ్యూజియంలోనే. బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లి చూపించేదీ అదే. కాబట్టి మ్యూజియాన్ని ఎట్లా చదవాలో నేర్చుకోవడం మన పనుల్లో ఒకటి కావాలి. యీ వ్యాసంలో తమిళనాడు తీరంలోని తరంగంబాడిని ఉదాహరణగా తీసుకుంటున్నాం. అది చిన్న వూరు. అయినా దాని చరిత్రలో మన తెలుగువాళ్లకు పట్టే ముళ్లు రెండు మూడున్నాయి.

ఊరూ, ఒప్పందమూ

కారైక్కాల్‌కి ఉత్తరాన, సముద్రం ఒడ్డున వుంది తరంగంబాడి. 2020లో నాగపట్నం జిల్లానుంచి విడదీసిన మయిలాడుతురై జిల్లాలోకి వచ్చింది. ఒడ్డున మాసిలామణినాథర్ గుడి వుంది. పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుడి కాలంలో 1306లో కట్టిన ఆ గుడిని సముద్రం చాలావరకు కోసుకుపోయింది. 'పాట పాడే అలల ఊరు' అని పర్యాటక శాఖ చెప్పుకుంటుంది. డెన్మార్క్ వాళ్లు దీన్ని ట్రాంకెబార్ అన్నారు.

1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1620లో దాని నౌకాదళపతి ఓవ్ గెడ్డె తంజావూరు పాలకుడితో ఒప్పందం చేసుకుని యీ ఒడ్డున డాన్స్‌బోర్గ్ కోట కట్టించాడు. ఆ పాలకుడు మరెవరో కాదు, రఘునాథ నాయకుడు. తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివాడికీ తెలిసిన పేరు. స్వయంగా కవి. చేమకూర వెంకటకవి 'విజయవిలాసం' అంకితం పుచ్చుకున్నవాడు. దక్షిణాంధ్ర యుగం అని, స్వర్ణయుగం అని మన సాహిత్య చరిత్రకారులు మురిసిపోయే కాలం అది. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి యీ రఘునాథుడే బంగారు రేకుమీద లేఖ చెక్కించి పంపాడు. అది యిప్పుడు కోపెన్‌హేగెన్ ప్రభుత్వ పత్రాగారంలో వుంది.

బంగారు రేకు నాలుగు వందల ఏళ్లు భద్రంగా వుంది. ఆ కాలంలోనే కావేరి డెల్టా వరిమళ్లలో పరయర్లు, పళ్లర్లు భూమితోపాటు చేతులు మారే బానిసలుగా బతికారు. వాళ్ల చెమటనుంచి వచ్చిన వరి పన్నుమీదే ఆ కావ్యాలు, ఆ సభలు నడిచాయి. మరి స్వర్ణయుగం ఎవరిది? యీ ప్రశ్న తమిళ చరిత్రకే కాదు, తెలుగు సాహిత్య చరిత్రకీ వెయ్యాలి.

1845లో డేన్లు తమ భారతదేశ స్థావరాల్ని, తరంగంబాడి, శ్రీరాంపూర్‌లతో సహా, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. కోట, వీధులు, చర్చి, మనుషులు అన్నీ కలిపి బేరం.

బీరువాల్లో ఏముంది?

డాన్స్‌బోర్గ్ కోటలో తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం వుంది. కోటకి రెండు అంతస్తులు. కింద వంటశాల, సరుకుల గిడ్డంగులు, బీరూ సారాయీ నిలవ చేసే గదులు, జైలు. పైన గవర్నరు, వర్తకులు, మతగురువు వుండేవాళ్లు. యీ కట్టడమే ఒక సమాజ చిత్రం. కింద బరువు మోసేవాళ్లు తిరుగుతారు, పైన లెక్కలు రాసేవాళ్లు కూచుంటారు.

సేకరణలో డేనిష్ రాతప్రతులు, గాజు వస్తువులు, చైనా తేయాకు జాడీలు, దీపాలు, మట్టి బొమ్మలు, శిల్పాలు, కత్తులు, బాకులు, ఈటెలు, ఫిరంగి గుళ్లు, కొయ్య వస్తువులు వున్నాయి. తిమింగలం ఎముకలు కూడా వున్నాయి.

యీ జాబితాని కాస్త ఆగి చదవండి. ఉప్పుగాలి తగిలే తీరంలో ఏం మిగుల్తుంది? ఇనుము, రాయి, గాజు, పింగాణీ మిగుల్తాయి. తోలు కుళ్లిపోతుంది. తాటాకు చెద పట్టిపోతుంది. పూరిల్లు ఒక తుఫానుకి కొట్టుకుపోతుంది. గోచిగుడ్డ, గంప, చేటా, తాడూ చరిత్రలో నిలవవు. అంటే కాలం కూడా కులాన్ని బట్టి వస్తువుల్ని ఏరుతున్నట్టు కనిపిస్తుంది. కానీ నేరం అంతా కాలం మీద నెట్టలేం. తాటాకు గ్రంథానికి నూనె పూసి, గుడ్డ చుట్టి, అటకెక్కించి మూడొందల ఏళ్లు కాపాడినవాళ్లు వున్నారు. గొడ్డుతోలు తొడుగు, పరై వాద్యం కాపాడాలని ఎవరికీ అనిపించలేదు. ఆ పరై పేరుతోనే పరయర్ అనే మాట పుట్టిందని చెప్తారు. దాన్నుంచే 'పరియా' అని ఇంగ్లీషు నిఘంటువులోకెక్కి, ప్రపంచం మొత్తానికీ వెలివేత అనే అర్థమైంది. ఒక వాద్యం పేరు తిట్టుగా మారి ఖండాలు దాటింది. సముద్రంలో చచ్చిన తిమింగలానికి గదిలో చోటు దొరికింది. వూళ్లో బతికినవాళ్ల డప్పుకి దొరకడం కష్టమైంది.

తేయాకు జాడీ మనకేం చెప్తుంది? చైనానుంచి ఓడలో వచ్చిందని చెప్తుంది. ఆ ఓడ లంగరేసింది లోతు నీళ్లలో. యీ తీరంలో రేవు లేదు. అలలమీద పడవ నడిపి, నడుం లోతు నీళ్లలో దిగి, నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి చేర్చినవాడు ఎవరు? జాడీమీద ఆ చెయ్యి గుర్తు వుండదు. అది మనం చదవాల్సిన ఖాళీ.

మొదటి అయిదుగురు

1706 జూలై 9న డెన్మార్క్ రాజు పంపగా ఇద్దరు జర్మన్ యువకులు తరంగంబాడిలో దిగారు. ఒకరు బర్తొలొమేయుస్ జీగెన్‌బాల్గ్, రెండోవారు హైన్రిఖ్ ప్లూచౌ. భారతదేశంలో ప్రొటెస్టెంట్ మిషన్ యిక్కణ్ణించే మొదలైంది. జీగెన్‌బాల్గ్ వున్న ఇంటిని బాగుచేసి, జర్మనీలోని హాలె నగరం ఫ్రాంకె సంస్థల పూనికతో 2017లో మ్యూజియంగా తెరిచారు. మతాలు, భాషలు, సంస్కృతుల మధ్య సంభాషణ ఆ మ్యూజియం ఎత్తుకున్న విషయం. మంచి మాటే. కానీ ఏ సంభాషణలోనైనా మొదట ఎవరు నోరు విప్పారని అడగాలి కదా.

1707 మే నెలలో మిషన్ యిచ్చిన మొదటి బాప్తిస్మాలు అయిదు. ఆ అయిదుగురూ డేనిష్ ఇళ్లలో పనిచేసే బానిసలు. ఇంట్లో యజమానులతో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు. అంటే భారతదేశపు ప్రొటెస్టెంట్ క్రైస్తవం బ్రాహ్మడితోనో, పిళ్లైతోనో మొదలవలేదు. అమ్ముడుపోయిన మనుషులతో మొదలైంది.

వీళ్లెట్లా బానిసలయ్యారు? కోరమండల్ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు పిల్లల్ని, మనుషులు తమని తాము అమ్ముకునేవాళ్లు. యూరపు కంపెనీల ఓడలు ఆ కరువుల చుట్టూ తిరిగేవి. మన ఆంధ్ర సరిహద్దునే వున్న పులికాట్ డచ్చి కోటనుంచి 17వ శతాబ్దంలో వేలమందిని బటేవియాకి, అంటే యిప్పటి జకార్తాకి, ఎగుమతి చేశారు. డేన్లూ యీ వ్యాపారం చేశారు. మన పాఠ్యపుస్తకాల్లో కోరమండల్ అంటే కలంకారీ, మిరియాలు, వజ్రాలు. మనుషులు సరుకైన సంగతి మాత్రం రాదు. బానిసత్వం అంటే ఆఫ్రికాకీ అమెరికాకీ సంబంధించిన సంగతి అనుకుంటూ పెరుగుతాం. కంపెనీ పాలనలో బానిసత్వానికి చట్టబద్ధత పోయింది 1843లో. తరంగంబాడి అమ్ముడుపోయింది దాని తర్వాత రెండేళ్లకి.

రాజనాయకన్ ఎందుకు పాస్టరు కాలేదు?

యీ వూరు చరిత్రలో మేం అందరికంటే ఎక్కువ తెలుసుకోవాల్సిన మనిషి రాజనాయకన్. 1700లో పుట్టాడు. పరయర్ కులం. కేథలిక్ కుటుంబం. తంజావూరు సైన్యంలో సిపాయి. తమిళంలో అచ్చయిన సువార్త చదివి మిషన్‌కి దగ్గరయ్యాడు. తర్వాత వుద్యోగం వదిలి ఉపదేశకుడయ్యాడు. మిషనరీలకి అడుగుపెట్టే వీలులేని తంజావూరు రాజ్యంలో ఊరూరూ తిరిగి సంఘాలు కట్టాడు. తన్నులు తిన్నాడు. నలభై ఏళ్లకు పైగా ఆ పని చేసి 1771లో చనిపోయాడు. చనిపోయేటప్పటికీ ఉపదేశకుడే.

1733లో మిషన్ మొట్టమొదటి దేశీయ పాస్టరుకి అభిషేకం చేసింది. ఆయన ఆరోన్, వెల్లాల కులస్తుడు. 1741లో రెండో పాస్టరు వచ్చాడు, దియోగో. రాజనాయకన్‌కి ఆ చోటు రాలేదు. అతనికి అర్హత లేదని మిషనరీలు అనలేదు, పైగా మెచ్చుకున్నారు. వాళ్ల భయం వేరే. పరయర్ చేతిమీదుగా ప్రభువు రాత్రి భోజనం తీసుకోడానికి పై కులాల క్రైస్తవులు ఒప్పుకోరని.

దీన్ని అర్థం చేసుకోడానికి వేదాంతం అక్కర్లేదు. రొట్టె ముక్క ఎవరి చేతిలోంచి వస్తుందన్నదే మొత్తం విషయం. బావి దగ్గర, హోటల్లో రెండు గ్లాసుల దగ్గర, మధ్యాహ్న భోజనం వండే చోట మన వూళ్లలో నలిగేది కూడా అదే. 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి తరంగంబాడి రాజవీధిలో యిప్పటికీ చక్కగా నిలబడి వుంది. శిలువ ఆకారం. ఆ శిలువ కప్పు కిందే వెల్లాలలు ఒక పక్క, పరయర్లు ఒక పక్క వేరుగా కూచున్నారు. దేవుడు ఒకడే, చాప వేరు.

1833లో బిషప్ డేనియల్ విల్సన్ చర్చిలో కుల తేడాలు పనికిరావని ఉత్తర్వు యిచ్చాడు. తంజావూరులో, మద్రాసులో పెద్ద కులాల క్రైస్తవులు చాలామంది చర్చి వదిలిపోయారు. తర్వాత తరంగంబాడి మిషన్ని తీసుకున్న లైప్‌జిగ్ మిషన్ కులం విషయంలో అంత పట్టుబట్టలేదు. అది దేశాచారం, మతానికి సంబంధం లేదన్న వాదన వాళ్లది. యీ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ?

యిక్కడ రెండు తొందరపాట్లకి లోనుకావద్దు. మిషనరీలు వచ్చి మనల్ని వుద్ధరించారనే కథ ఒకటి. రాజనాయకన్ కథ దాన్ని నిలవనివ్వదు. మతం మారితే ఏం వొరిగింది, అంతా మోసమే అనే కథ రెండోది. అదీ నిలబడదు. అచ్చయిన పుస్తకం ఒక పరయర్ సిపాయి చేతికి రావడం చిన్న సంగతి కాదు. మాలో చాలామందికి తాతల తరంలో గుమ్మం తొక్కనిచ్చిన మొదటి బడి మిషన్ బడే. అక్షరం వచ్చింది, అధికారం రాలేదు. యీ రెండిటి మధ్య దూరాన్ని కొలవడమే దళిత క్రైస్తవ చరిత్ర రాసేవాళ్ల పని. మన ఒంగోలుని చూసినా యిదే. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనా, ఆయన వెంట నడిచినవాళ్లూ పల్లెల్లో చేసిన పనివల్ల 1878 జూలై 3 ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఘనత క్లౌ దొర ఖాతాలో పడినంతగా పేరయ్య ఖాతాలో పడలేదు.

అచ్చు యంత్రం, తెలుగక్షరం

లండన్‌లోని క్రైస్తవ జ్ఞాన సంఘం పంపిన అచ్చు యంత్రం 1712లో తరంగంబాడి చేరింది. తమిళ అక్షరాల్ని హాలెలో పోతపోసి పంపించారు. 1715కి తమిళ కొత్త నిబంధన అచ్చయింది. పక్కనే పొరైయారులో కాగితం మిల్లు పెట్టారు. తెలుగు ముడి కూడా యిక్కడే పడింది. 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు, బైబిల్ని తెలుగు చేశాడు. అచ్చు వెయ్యడానికి యిక్కడ తెలుగు అక్షరాలు లేవు. 1743లో జర్మనీకి తిరిగివెళ్లి, 1746నుంచి హాలెలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు అవే.

తెలుగు ముద్రణ చరిత్ర రాసినవాళ్లు యీ తేదీలు జాగ్రత్తగా యిచ్చారు. కానీ షుల్జ్‌కి తెలుగు నేర్పింది ఎవరు, ఆ వాక్యాల్ని సరిచూసింది ఎవరు, ఆ పుస్తకం ఎవరి చేతికి వెళ్లాలని అచ్చయింది అనే ప్రశ్నలు పక్కన పడ్డాయి. వేదం వింటే చెవిలో సీసం పొయ్యమన్న సమాజంలో, పవిత్ర గ్రంథాన్ని అందరూ చదవాలని అచ్చు వెయ్యడం అనే ఆలోచనే ఒక తిరుగుబాటు. అది విదేశీ మతం తెచ్చిందా, స్వదేశీ మతం తెచ్చిందా అనే తగాదాలో ఆ తిరుగుబాటు విలువ మర్చిపోకూడదు.

గదిలోకి వెళ్లేముందు

మ్యూజియం చూడబోయే మన పిల్లలకి, విద్యార్థి సంఘాలకి పనికొస్తాయని కొన్ని ప్రశ్నలు యిస్తున్నాం. యివి తరంగంబాడికే కాదు, మచిలీపట్నం, భీమిలి, విశాఖ, ఎక్కడికైనా పనికొస్తాయి.

ఒకటి : యీ వస్తువుని వాడినవాడి పేరు వుంది. చేసినవాడి పేరు, మోసినవాడి పేరు, తుడిచినవాడి పేరు వుందా?

రెండు : ఇది మ్యూజియానికి ఎట్లా చేరింది? జమీందారు యిచ్చాడా, తవ్వకంలో దొరికిందా, ఎవరింట్లోంచి తెచ్చారు? 'విరాళం' అన్నచోట ఆ సంపద ఎక్కడిదని అడగాలి.

మూడు : వివరణలో క్రియకి కర్త వున్నాడా? 'కోట కట్టబడింది', 'సరుకు ఎగుమతి అయింది' అన్న వాక్యాల్లో మనుషులు మాయమవుతారు. మన ముత్తాతలు చాలామంది యీ కర్మణి ప్రయోగంలోనే పోయారు.

నాలుగు : కులం మాట ఎక్కడైనా వచ్చిందా? వస్తే ఎవరి గురించి వచ్చింది? రాజులకి వంశం, వర్తకులకి పేరు, మనకి మాత్రం కులం అన్నట్టుగా వుందా?

అయిదు : యిక్కడ లేని వస్తువుల జాబితా మనం రాస్తే అందులో ఏముంటాయి?

యీ అయిదో ప్రశ్నే అసలైంది. పేర్లు దొరకవని వొదిలెయ్యక్కర్లేదు. వస్తువుల్లో లేనివాళ్లు కాగితాల్లో వున్నారు. మిషన్ బాప్తిస్మ రిజిస్టర్లలో, 1710నుంచి హాలెలో అచ్చయిన మిషన్ నివేదికల్లో, కంపెనీ లెక్కల్లో వున్నారు. ఉపదేశకుల పనులు, తగాదాలు, జీతాలు అక్కడ రాసి వున్నాయి. రాజనాయకన్ గురించి మనకి తెలిసిందంతా అట్లా వచ్చిందే. కాకపోతే అవి జర్మన్‌లో, డేనిష్‌లో వున్నాయి. మొదటి తరం చదువుకున్నవాళ్లం మనం. ఇంగ్లీషు నేర్చుకోడానికే సగం వయసు పోయింది. అయినా మనలో కొందరు ఆ భాషలూ నేర్చుకోవాలి, తప్పదు. మన ముత్తాతల పేర్లు అక్కడ తాళం వేసి వున్నాయి.

సముద్రమూ, స్మారకమూ

2004 డిసెంబరు 26న సునామీ యీ తీరాన్ని కొట్టింది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది నాగపట్నం జిల్లా. తరంగంబాడి అప్పట్లో ఆ జిల్లాలోదే. జాలర్ల పేట తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత డబ్బు వచ్చింది, పాత కట్టడాలు బాగుపడ్డాయి. డెన్మార్క్ జాతీయ మ్యూజియం పూనుకుని గవర్నరు బంగళాని మరమ్మతు చేయించింది. సహాయ శిబిరాల్లో దళితుల్ని కలవనివ్వలేదని, నీళ్లు ముట్టనివ్వలేదని, జాలర్లు కాని దళిత కూలీలు పోగొట్టుకున్న పని నష్టాల లెక్కలోకే రాలేదని పత్రికలు, హక్కుల సంఘాలు అప్పుడే నమోదు చేశాయి. సముద్రం కులం చూడలేదు, బియ్యం పంచేవాడు చూశాడు. యీ తీరపు చరిత్ర చెప్పే మ్యూజియంలో 1620కి ఎంత చోటో 2004కీ అంత చోటుండాలని మేం అంటాం.

అదే తీరానికి దక్షిణాన కీళ్వెణ్మణి వుంది. 1968 డిసెంబరు 25న 44 మంది దళిత కూలీల్ని, ఎక్కువమంది ఆడవాళ్లని, పిల్లల్ని, గుడిసెలో పెట్టి కాల్చేశారు. అక్కడ స్మారకం కట్టుకున్నారు. ఏటా ఆ రోజున జనం వస్తారు. మనకి చుండూరు వుంది. 1991 ఆగస్టు 6న చంపబడ్డ ఎనిమిదిమందిని అక్కడే సమాధి చేసి దాన్ని రక్తక్షేత్రం అన్నాం. 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. కోర్టు కాగితం ఒకటి చెప్తుంది, ఆ సమాధులు ఒకటి చెప్తాయి. మ్యూజియం అనే మాట అప్పుడు మనకి తోచకపోయినా మనవాళ్లు చేసింది ఆ పనే. మరుపుకి అడ్డంగా ఒక చోటుని నిలబెట్టారు.

అయితే మన చరిత్ర చావులే కాదు. లందలో తోలు నానబెట్టే పద్ధతి, తంగేడు చెక్క పాలు, రంపె, ఆరె, కిర్రు చెప్పులు, తోలుమోట, డప్పు కాచే పాళం, మాలపల్లె మగ్గం, గుంట మగ్గంలో కాళ్లాడించే లెక్క - యివన్నీ విజ్ఞానం. తెలిసినవాళ్లు మన పేటల్లో యింకా వున్నారు. పదేళ్ల తర్వాత వుండరు. ప్రతి దళితవాడలో, ప్రతి అంబేద్కర్ యువజన సంఘం గదిలో ఒక బల్ల చాలు. వస్తువు పక్కన దాన్ని వాడిన మనిషి పేరు, వూరు, ఆమో ఆయనో చెప్పిన నాలుగు మాటలు వాళ్ల యాసలోనే రాసి పెట్టాలి. క్రియకి కర్త వుండాలి. యీ పనికి ముందుకొచ్చే మిత్రులు తమ వూళ్లో తయారైన జాబితాల్ని పత్రికకి పంపితే, వచ్చినవి వచ్చినట్టు వేస్తాం.